పన్నెలో ఎర్ర పోగులు

మొన్న మంగళవారం మా మనుమడు ముందుగదిలో బండలు మార్పించడానికి మేస్త్రీని పిలిపించాడు. మొదటి బండలు బుద్ధిగానే లేచాయి గాని, వెనకగోడ పక్కనున్న బండ మీద గడ్డపార పడేసరికి కింద డొల్లగా మోగింది. మేస్త్రీ చేయి ఆపి మా మనుమడి మొహం చూశాడు, మా మనుమడు నా మొహం చూశాడు. ఈ ఇంట్లో ఎక్కడ ఏ చప్పుడయినా చివరికి అందరూ చూసేది నా మొహమే, దాని కింద నేనేదో దాచిపెట్టినట్టు. “ఏం తాతా, ఈడేమన్నా పాతిపెట్టినావా? చెప్పు, ముగ్గురం పంచుకుందాం” అన్నాడు మేస్త్రీ నవ్వుతూ. అది మగ్గం గుంత నాయనా అంటే, గుంతలో మగ్గమెందుకు పెడతారని అడిగాడు. జమ్మలమడుగులో పుట్టి జమ్మలమడుగు నీళ్ళు తాగి పెరిగినవాడు అడగవలసిన మాటేనా అది? నాకు ఒళ్ళు మండింది. నా ఈడువాళ్ళకు ఈ మంట ఎందుకో చెప్పనక్కరలేదు. మా వీధిలో ఒకప్పుడు గుంత లేని ఇల్లంటే పొయ్యి లేని ఇల్లన్నట్టే. నేసేవాడు నేల మీద కూచుని, కాళ్ళు గుంతలోకి దించి, అడుగునున్న తొక్కుడు కర్రలు తొక్కుతూ నేసేవాడు. ఆ సంగతి ఇప్పుడు పాఠం చెప్పినట్టు చెప్పవలసి వస్తున్నది.

అసలీ బండల గొడవ ఎందుకు వచ్చిందంటే, మా మనుమడు బెంగుళూరు వదిలి కాపురం ఇక్కడికి మార్చుకుంటున్నాడు. ఆ నిర్ణయం ఫోనులో రెండు మాటల్లో తేలిపోయింది. అక్కడ రద్దీ అట, ఇక్కడ మనశ్శాంతి అట. చిన్న ఊళ్ళలో మనశ్శాంతి ఉంటుందని వీడికి ఎవరు చెప్పారో నాకు తెలియదు. పెద్ద ఊళ్ళో పక్కగది మనిషి పోయినా మనకు తెలియదన్నది నిజమే కాని, చిన్న ఊళ్ళో మన ఇంట్లో పోపు మాడితే సాయంత్రానికి బజారంతా కారణాలు చెబుతుంది. ఒక ఊరు రమ్మంటున్నదంటే ఎందుకు రమ్మంటున్నదో కనుక్కోకుండా మూట కట్టకూడదని నా సిద్ధాంతం. ఆ సిద్ధాంతం నాకు ఎక్కడ పట్టుకున్నదో ఆ బండ మోతతో మళ్ళీ గుర్తుకు వచ్చింది.

యుద్ధం రోజుల్లో నేను చెన్నపట్నంలో ఒక ప్రెస్సులో ఫారాలు మడిచేవాణ్ణి. బడి మొహం నేను చూసింది రెండో తరగతి దాకానే. ఆ పైన నాకు చదువు చెప్పినవి ఆ మడతలే. ఫారమంటే అచ్చయి వచ్చిన పెద్ద కాగితం. దాని మీద ఒకటో పేజీ పక్కన పదహారో పేజీ ఉంటుంది, ఒకటో పేజీ తల దగ్గర తలకిందులుగా ఎనిమిదో పేజీ ఉంటుంది. నేను అలాగే, ఆ వరసలోనే చదివాను. అందుకని నాకు చాలా పుస్తకాల నడుములు తెలుసు గాని మొదళ్ళూ చివరలూ తెలియవు. కథలో ఎవడో ఎవడినో మోసం చేస్తూ ఉండగా నా ఫారం అయిపోయేది, ఎందుకు చేశాడో చెప్పే ఫారం ఇంకొకడి బల్ల మీదికి పోయేది. మనుషుల మీద నా అనుమానం అక్కడే ముదిరిందని మా ఆవిడ అనేది. ముదరడం అక్కడే కావచ్చు, మొలవడం మాత్రం ఇక్కడే, ఈ ముందుగదిలోనే.

మా నాయన పోయిన తరువాత ఈ గదిలో రెండు గుంతలు మిగిలాయి. వీధివాకిలి పక్కది మా అన్నది, వెనకగోడ పక్కది నాది. అన్న నాకంటే బాగా పెద్ద. వీధిలో అతని చేతిని మించిన చేయి లేదు, ఆ సంగతి అతనికి ఇంకా బాగా తెలుసు. నేను అంచులేని తెల్లపంచెలు నేసేవాణ్ణి. అవి మగ్గం దిగినప్పుడల్లా నలుగురిలో బట్ట మీద అరచేయి రాచి, “దీనికంటే సాలెపురుగు మేలురా” అనేవాడు. ఒకనాడు అలా అన్నప్పుడు సగం నేసిన పంచెను కత్తితో కోసి అవతల పారేసి రైలెక్కాను. అంత కోపంలోనూ ఒక్క పద్ధతి తప్పలేదు. మా వాళ్ళలో బట్ట కోసేటప్పుడు పన్నెలో, అంటే పోగులన్నీ వరసగా దూరివచ్చే దువ్వెనలాంటి చట్రంలో, జానెడు పోగులు వదిలి కోస్తారు. కొత్త పడుగు వచ్చినప్పుడు దాని పోగులను ఒక్కొక్కటిగా ఆ పాత పోగులకు మెలివేసి అతుకుతారు. మగ్గాన్ని శాశ్వతంగా మానేసేవాడు మాత్రమే ఆ పోగులు లాగేసి పన్నె ఖాళీ చేస్తాడు. నేను లాగలేదు. నా తెల్లపోగులు పన్నెలోనే వదిలి వెళ్ళాను.

పట్నంలో పెళ్ళికొడుకునయ్యాను, ఒంటిగది కాపురం పెట్టాను. మా ఆవిడది ఆదోని పక్క పల్లె. ఎండాకాలంలో బిందెడు నీళ్ళ కోసం పొలాలు దాటి నడిచిన మనిషి. పట్నంలో ఆమె మనసు దోచుకున్నది నేను కాదు, మా గది ఎదుట ఉన్న వీధి కొళాయి. దాన్ని తిప్పి, నీళ్ళు రావడం చూసి, ఊరికే కట్టి, మళ్ళీ తిప్పేది. అంతలో జపానువాళ్ళు సముద్రం మీదినుంచి బాంబులు వేస్తారని వదంతి పుట్టి పట్నం పట్నమంతా మూటలు కట్టింది. కంగారు పడవద్దని మాకు ధైర్యం చెప్పిన ప్రెస్సు యజమాని ముందురోజే పెళ్ళాం పిల్లల్ని పల్లెకు పంపేశాడని తెలిసింది. ఎవరి మాట నమ్మాలో తెలియని రోజులు. మా ఆవిడకు నెలలు నిండుతున్నాయి.

సరిగ్గా అప్పుడే మా అన్న గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. నేను వెళ్ళిన నాటినుంచి ఒక్కసారి కూడా మొహం చూపని అన్న! బట్టల మూటతో పట్నం వచ్చిన మా వీధి మనిషి ఒకాయన అతన్ని గడప దగ్గర వదిలి తన పని మీద పోయాడు. అన్న లోపలికి రాకుండా ద్వారబంధాన్ని అరచేత్తో పైనుంచి కిందికి తడిమాడు. అద్దె ఇంటి చెక్క ఏపాటిదో అంచనా కడుతున్నాడు కాబోలని నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మా ఆవిడ లోటాతో నీళ్ళిస్తే అతని చేయి పక్కకు పోయి నీళ్ళు ఒలికిపోయాయి. అన్నిటికంటే నాకు అనుమానం కలిగించింది, మాట్లాడినంతసేపూ అతను నా మొహంలోకి చూడకపోవడం. నా భుజం పక్కనున్న గోడతో మాట్లాడాడు. తప్పు చేసినవాడే అలా చూపు తప్పిస్తాడని నేను చదివిన సగం పుస్తకాలన్నీ చెప్పాయి.

“రేయ్, ఆ జపానోడు బాంబేసినాక వస్తావా, ముందే వస్తావా? నీ గుంత అట్లే ఉండాది. నువ్వు ఇడిసిపెట్టిన పోగులు గూడా అట్లే ఉండాయి. ఎవురి చెయ్యీ పడలేదు, ఒట్టు” అన్నాడు. సాలెపురుగు మాట ఎత్తలేదు. బతిమాలుతున్నట్టే ఉంది అతని గొంతు. నా ఎరుకలో ఆ గొంతు ఎవరినీ బతిమాలలేదు.

అతను వెళ్ళిన తరువాత మా ఆవిడా నేనూ చాలాసేపు తర్కించుకున్నాం. నూలు దొరకని రోజులు అవి. నూలిచ్చి బట్ట తీసుకుపోయే షావుకారు మగవాడు కూచుని నేస్తున్న మగ్గానికే నూలిస్తాడు. కాబట్టి అన్నకు కావలసింది తమ్ముడు కాదు, గుంతలో కాళ్ళు పెట్టుకు కూచునే ఒక మగ ఒళ్ళు అని నేను తేల్చాను. మా ఆవిడ అనుమానంలో నన్ను మించింది. “రైలు దుడ్లు పెట్టుకోని ఊరికే వచ్చే మనిషా మీ అన్న? ఏందో ఉండాది. అయినా కొళాయి తిప్పితే నీళ్ళొచ్చే ఊరు ఇడిసిపెట్టి పెన్నలో ఇసక తోడేదానికి నేను రాను. నువ్వు పోయి నేసుకో, నేనీడనే కాన్పయితా, ఆ బాంబు యాడ పడుతుందో పడనీ” అంది. చివరికి నేనొక్కణ్ణే వెళ్ళి, చూసి, ఆ పైన ఏదో ఒకటి తేల్చుకుందామని అనుకున్నాం. ఇద్దరి ప్రాణాలు, పుట్టబోయే బిడ్డ ప్రాణం, ఒక పూట చూపు మీద ఆధారపడి ఉన్నాయి కదా, అందుకని కళ్ళు తెరుచుకునే బయలుదేరాను.

ముద్దనూరులో రైలు దిగి, బొగ్గులతో నడిచే బస్సులో మసి కొట్టుకుని ఊరు చేరాను. వీధి మొదట్లో ఎదురైన ముసలాయన “ఏమప్పా పట్నపోడా, వచ్చేసినావా? శానా మంచిపని చేసినావు” అన్నాడు. పక్కింటామె అదే మాట అంది. అరుగు మీద నూలు కండెలు చుడుతున్న అవ్వ కూడా అదే అంది. అందరి నోటా ఒకే మాట వస్తే అది ఎవరో నేర్పిన మాటని నా నమ్మకం. ఇంట్లో మా వదిన రాగిసంగటిలో చెనిక్కాయల పచ్చడి వేసి, పైన నెయ్యి పోసింది. ఈ ఇంట్లో పెరిగినన్నాళ్ళూ నా పళ్ళెంలో ఆ నెయ్యి పడిన జ్ఞాపకం నాకు లేదు. దాని వంక దొంగను పట్టుకున్న పోలీసులా చూసి, తినడం మాత్రం తిన్నాను.

తెల్లవారి ఎవరూ లేనప్పుడు వెనకగోడ పక్కకు పోయి నా మగ్గం మీద కప్పిన దుప్పటి ఎత్తాను. గుంత చక్కగా అలికి ఉంది. పన్నెలో జానెడు పోగులు ఉన్నాయి. నడుమ తెలుపు. కాని రెండు అంచుల్లోనూ ఎర్ర పోగులు! నేను అంచున్న పంచె ఏనాడూ నేయలేదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే కొత్త గంజి వాసన వచ్చింది. నిన్నగాక మొన్న ఎవరో నేసి కోసిన బట్ట తాలూకు పోగులవి. ఎవరి చెయ్యీ పడలేదని ఒట్టు వేసిన అన్న! నేసేవాడికి పోగులతో అబద్ధం చెప్పాలనుకోవడం, అదీ రంగు కూడా మార్చకుండా చెప్పాలనుకోవడం, ఎంత లెక్కలేనితనం? వీధిలో అంత పేరున్న చేయి అంత పచ్చి పొరపాటు ఎలా చేసిందా అని కూడా ఆశ్చర్యపడ్డాను. ఆ ఆశ్చర్యాన్నే ఇంకొంచెం పట్టుకుని లాగి ఉంటే నాకు అక్కడే తెలిసిపోయేది. కోపం లాగనివ్వలేదు.

పైకి ఏమీ అనకుండా, గండికోట దారిలో పాత స్నేహితుడు ఉన్నాడు, చూసి సాయంత్రానికి వస్తానని చెప్పి బయలుదేరాను. పెన్న దాకా పోయి ఇసుకలో కూచున్నాను. ఆడవాళ్ళు ఇసుకలో చెలమలు తవ్వి, ఊరిన నీళ్ళు ముంతతో తోడి బిందెల్లో పోసుకుంటున్నారు. మా ఆవిడ చెప్పింది నిజమేననుకున్నాను. ఎండ నడినెత్తికి రాగానే తిరిగి వచ్చాను. వీధిలో అన్ని తలుపులూ వెలుతురు కోసం బార్లా తెరిచి ఉన్నాయి, ఒక్క మా ఇంటి తలుపు తప్ప. నేతవాళ్ళ వీధిలో మిట్టమధ్యాహ్నం మూసిన తలుపంటే ఇంట్లో శవమైనా ఉండాలి, దొంగతనమైనా ఉండాలి. నేను దొడ్డిదారిన పోయి వెనక తలుపు దగ్గర చెవి పెట్టాను.

లోపల మా వదిన గొంతు, బడిపిల్ల పాఠం అప్పచెబుతున్నట్టు, “ఎర్రది. ఎర్రది. ఇంగొగటి ఎర్రది. ఇప్పుడు తెల్లది” అంటోంది. ఎవరికో రంగులు చెబుతోంది. పోగు కళ్ళముందు ఉంటే రంగు చెప్పించుకునే నేతగాడు ఎవరు? తలుపు తోశాను.

నా గుంతలో మా వదిన కూచుని ఉంది, చీర మోకాళ్ళ దాకా దోపుకుని. మా వీధిలో అప్పట్లో ఆడవాళ్ళు కండెలు చుట్టవచ్చు, పడుగుకు గంజి పెట్టవచ్చు గాని, గుంతలో కాలు పెట్టకూడదు. ఆడమనిషి దిగిన గుంతలో నేసిన బట్ట నిలవదని షావుకారు వెనక్కి కొట్టేవాడు. అన్న మగ్గానికి ఎదురుగా కూచుని, ఆమె అందించిన కొత్త పోగును పాత పోగుకు మెలివేస్తున్నాడు. చూపు మాత్రం దూలం మీద ఉంది. తలుపు చప్పుడుకు అతను ఉలిక్కిపడి, నేను నిలుచున్న వైపు కాక రెండోవైపు తిరిగి, “ఎవురే? ఎవురొచ్చినారు?” అన్నాడు. నేను ఎదుటే ఉన్నాను. బారెడు దూరంలో.

వదిన గుంతలోంచి లేవలేదు, చీరైనా సర్దుకోలేదు. “ఏమప్పా మరిదీ, గండికోట అంత దగ్గరికొచ్చేసిందా?” అంది.

ఆ తరువాత చెప్పుకొచ్చింది. నేను పోయిన కొన్నాళ్ళకే అన్న కళ్ళకు పొర కమ్మిందట. ఎవరో చెట్టు పసరు పోస్తే ఉన్న చూపు కూడా పోయిందట. సంగతి తెలిస్తే షావుకారు నూలు ఆపేస్తాడని, వదిన నా మగ్గం మీద చాటుగా నేసేదట. వీధివాకిలి పక్క గుంతలో అన్న ఉత్తినే కూచుని, వదిన దెబ్బకు దెబ్బ కలుపుతూ, వీధికి వినపడేలా, తన మగ్గంలో పోగును దగ్గరికి కొట్టే పలకను ఆడించేవాడట. రెండు మగ్గాల చప్పుడు, ఒక్క మగ్గం నేత. “మీ అన్న చచ్చినా చెప్పడు. నన్నూ చెప్పొద్దని ఒట్టేయించుకున్న్యాడు. నోటితో చెప్పొద్దన్న్యాడు గానీ పోగులతో చెప్పొద్దనలేదు గదా! నువ్వొచ్చేముందు బట్ట కోస్తాంటే, నీ పోగులు మాదిరి అంతా తెల్లవి పెట్టమన్న్యాడు. సరేనని ఎర్రవి అట్లే ఇడిసిపెట్టినా. తడిమి చూసి బాగుండాది అన్న్యాడు. నీది అనుమానం బుద్ధి, దుప్పటెత్తకుండా పోవని నాకు తెలుసులే” అంది.

అన్న చేతిలోని పోగుకు మెలి పూర్తిచేశాడు. నిజం చెప్పి పిలవచ్చు కదా, ఒట్లు వేయడమెందుకని నేను మీద పడితే, “కండ్లు పోయినాయి, రారా అంటే నమ్మేవాడివా? నాటకమాడతాండాడు అనుకుందువు” అన్నాడు. అలా అనుకునేవాణ్ణే. అయినా ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు. తోడబుట్టినవాడితో నిజం చెప్పడానికి అడ్డం వచ్చిన ఆ పొగరు ఏమిటి? నా అనుమానం అక్షరాలా నిజమయిందని కూడా ఇక్కడ రాయదలచాను. అతనికి కావలసింది గుంతలో ఒక మగ ఒళ్ళే. కారణం ఒక్కటే నేను తప్పుగా కట్టాను.

పట్నం తిరిగి వెళ్ళి మా ఆవిడతో అంతా చెప్పాను. ఆమె ఒప్పుకోదని నాకు గట్టి నమ్మకం. నిజం చెప్పవలసి వస్తే ఒప్పుకోకూడదనే కోరుకున్నాను. ప్రెస్సులో అప్పుడే ఒక మంచి కథ ఫారాలు వరసగా నా బల్లకే వస్తున్నాయి. ఆమె అన్న సంగతి విని “ఊ” అంది. కళ్ళ సంగతి విని “పాపం” అంది. వదిన సంగతి వచ్చేసరికి చేతిలో పని ఆపేసింది. “ఆయమ్మ గుంతలో దిగి నేస్తాండాదా? తలుపేసుకోని? ఇన్నేండ్లనుంచి?” అని మూడు ప్రశ్నలు వేసి, లేచి, ఇత్తడి బిందె తీసుకుని వీధి కొళాయి దగ్గరికి పోయింది. నిండా పట్టుకుని వచ్చి మూటల పక్కన పెట్టింది. “పా, పోదాం” అంది. ఆ బిందె నీళ్ళు ముద్దనూరు దాకా ఒడిలో పెట్టుకుని వచ్చింది, నన్ను కూడా గొంతు తడుపుకోనివ్వలేదు. ఇల్లు చేరిన తరువాత వదిన చేతికిచ్చి, “ఇవి తోడిన నీళ్ళు కాదక్కా” అంది. మా పెద్దవాడి మొదటి స్నానంలో ఆ నీళ్ళే కలిపారు.

బాంబుల భయం తగ్గి కొన్ని నెలలకే పట్నం వాళ్ళంతా పట్నం చేరారు. మేము చేరలేదు. నేను వాకిలి పక్క గుంతలో, తలుపు ఒక రెక్క మాత్రం తీసి, అందరికీ కనబడేలా కూచునేవాణ్ణి, వెనక గుంతలో వదిన నేసేది. షావుకారు మనిషి వదిన నేసిన బట్ట నిమిరి, “పట్నం పోయొచ్చినాక నీ చెయ్యి తిరిగిందప్పా” అని నా వీపు తట్టేవాడు. నేను నేసిన బట్ట మాత్రం అన్న అరచేయి రాచి చూసి, “సాలెపురుగు బతికే ఉండాది” అనేవాడు. మా ఆవిడ కూడా వదిన దగ్గర కూచుని నేత నేర్చుకుంది. స్వరాజ్యం వచ్చిన ఏడాది ఒకనాడు ఉక్క భరించలేక వదిన విసుక్కుంటూ వీధి తలుపు బార్లా తీసి, గుంతలో దిగి, నేయడం మొదలుపెట్టింది. వీధిలో పోయే ముసలాయన తొంగి చూసి, “ఇప్పటికి గాలాడిందా అమ్మా?” అని సాగిపోయాడు. అంతే! వీధి వీధికంతా మొదటినుంచీ తెలుసు. ఆనాడు అందరూ ఒకే మాటగా “మంచిపని చేసినావు” అన్నది అందుకే. తెలిసి తెలియనట్టు నటించే ఊరిని చూసి, తెలియదనుకుని మేము దాగాం. దీన్నే మా మనుమడు మనశ్శాంతి అంటున్నాడు.

అన్న పోయాడు, మా ఆవిడ పోయింది, ఆ పైన వదినా పోయింది. వదిన చివరి బట్ట కోసేటప్పుడు కూడా జానెడు పోగులు వదిలే కోసింది. వాకిలి పక్క గుంత పూడ్పించి, వెనక గుంత మీద మాత్రం ఊరికే బండ వేయించి, పన్నెను గుడ్డలో చుట్టి దూలానికి కట్టాను. మేస్త్రీ నిన్న దాన్ని దించి దులుపుతూ, ఈ ఎర్ర దారాల దువ్వెన ఏమిటి, పారెయ్యనా అని అడిగాడు. ఉన్నచోటనే కట్టమన్నాను. మా మనుమణ్ణి ఇక్కడికి రమ్మని ఎవరూ పిలవలేదు. ఎందుకు వస్తున్నావని ఎవరూ అడగలేదు. అతని కోసం రైలెక్కి వచ్చి, ద్వారబంధం తడిమి, అబద్ధపు ఒట్టు వేసినవాళ్ళు ఎవరూ లేరు. మోసపోయే అదృష్టం కూడా ఈ పిల్లలకు లేకపోయింది. నిన్న మధ్యాహ్నం కర్ర పట్టుకుని వీధి చివరిదాకా నడిచాను. కుడిపక్కా ఎడమపక్కా తలుపులన్నీ మూసే ఉన్నాయి. లోపల టీవీల చప్పుడు తప్ప మరేమీ లేదు. మిట్టమధ్యాహ్నం మూసిన ఒక్క తలుపు చూసి ఒకప్పుడు దొడ్డిదారిన పోయి చెవి పెట్టిన సంగతి తలుచుకున్నాను. ఇన్ని తలుపులు మూసి ఉంటే, ఎందుకు మూశారని అడిగే మనిషి వీధిలో నేనొక్కణ్ణే మిగిలాను.

గుంతను మట్టితో పూడ్చి బండ వేస్తానన్నాడు మేస్త్రీ. పూడ్చకుండా వేయమన్నాను. కాలు పడినప్పుడల్లా మోగుతుంది కదా తాతా అన్నాడు. మోగనీ అన్నాను.